క్రుషిన్యానీ: పోలండ్ తూర్పు కొసన తాతార్ల పల్లె. తెలిసినవాళ్లు చెప్పండి

వార్సా_వెంకట్

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో ఒక పోలిష్ కొలీగ్ "మా దేశంలో రెండు శతాబ్దాల నాటి చెక్క మసీదు ఉంది, చూశావా" అని అడిగాడు. వెతికితే క్రుషిన్యానీ అనే ఊరు తగిలింది, తాతార్లు అనే తుర్కిక్ మూలాల ముస్లింలదట. మ్యాపులో చూస్తే చుట్టూ అడవి, పొలాలు, ఊరి మధ్యనుంచి ఒక్క రోడ్డు, అవతల బెలారుస్. అంత మూల పల్లెకి ముస్లింలు ఎప్పుడు, ఎలా వచ్చారు? కుటుంబంతో వెళ్లొచ్చా? అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. నాన్నకి చరిత్ర పిచ్చి, అమ్మ ఎక్కువ దూరం నడవలేదు. రెండూ దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

బ్యావిస్తోక్_స్టూడెంట్

వెంకట్ అన్నా, నేను ఇక్కడే మెడిసిన్ చదువుతున్నాను. దారి సంగతి నేను చెప్తా, చరిత్ర పెద్దవాళ్లు చెప్తారు.

వార్సా నుంచి బ్యావిస్తోక్ దాకా ట్రైన్ సుఖంగా ఉంటుంది. అక్కడినుంచి ఊరు తూర్పుగా ఇంకో నలభై, యాభై కిలోమీటర్లు. బస్సుల్ని నమ్ముకోవద్దు, పెద్దవాళ్లతో అసలే వద్దు. బ్యావిస్తోక్‌లో కారు అద్దెకు తీసుకోండి. దారి పొడుగునా క్నిషిన్ అడవి వస్తుంది, పైన్, స్ప్రూస్ చెట్లు. అడవి దాటాక ఇసుక నేల, చిన్న చిన్న గుట్టలు, రై పొలాలు, కరెంటు స్తంభాల మీద కొంగల గూళ్లు. ఊళ్లో ఉండేది రెండు వందల లోపు జనం. మసీదు రోడ్డు పక్కనే, అమ్మకి ఇబ్బంది లేదు. శ్మశానం మాత్రం దాని వెనక చెట్ల గుట్ట మీద ఉంటుంది, కొంచెం ఎక్కాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. సరిహద్దు దగ్గరికి వెళ్లేసరికి ఫోన్ బెలారుస్ టవర్ పట్టేస్తుంది. అది యూరోపియన్ యూనియన్ కాదు, రోమింగ్ బిల్లు వాచిపోతుంది. బ్యావిస్తోక్ దాటగానే డేటా రోమింగ్ ఆపేయండి.

గోదారి_గట్టు

ఈ ఊరి కథ నాకు తెలుసు, చాలా బాగుంటుంది. 1683లో వియన్నాని తుర్కుల నుంచి కాపాడిన పోలండ్ రాజు యాన్ సొబియెస్కి తెలుసు కదా. ఆ వెంటనే పర్కానీ దగ్గర ఇంకో యుద్ధం జరిగింది, ఇప్పటి స్లొవాకియాలో. అక్కడ రాజు శత్రువుల మధ్య చిక్కుకుపోయాడు. ఆయన సైన్యంలోనే ఉన్న ఒక తాతార్ కెప్టెన్, సామ్యూల్ ముర్జా క్షెచొవ్‌స్కి, ప్రాణాలకు తెగించి రాజును బయటికి లాక్కొచ్చాడు. రాజు సంతోషించి "నీకేం కావాలి" అంటే భూమి అడిగాడట. అలా వచ్చిందే క్రుషిన్యానీ. ముస్లిం రాజ్యంతో యుద్ధంలో క్రైస్తవ రాజును కాపాడింది ముస్లిం సైనికుడు! సినిమా తీయొచ్చు.

పాత_పటాలు

కథ బాగుంది. తేదీలే కుదరవు. సొబియెస్కి క్షెచొవ్‌స్కికి ఈ భూములు రాసిచ్చిన దస్తావేజు 1679 నాటిది. పర్కానీ యుద్ధం 1683 అక్టోబరులో. ప్రాణం కాపాడినందుకు నాలుగేళ్లు ముందే బహుమానం ఇచ్చిన రాజు ఎక్కడా ఉండడు.

అసలు జరిగింది నా దృష్టిలో ఇంకా ఆసక్తికరం. కొంచెం వెనక్కి వెళ్దాం. తాతార్లు ఈ ప్రాంతానికి 14వ శతాబ్దం చివర్లో వచ్చారు. లిథువేనియా మహాప్రభువు వితొల్ద్ వాళ్లను తెచ్చి తన రాజ్యంలో స్థిరపరిచాడు. కొందరు యుద్ధ ఖైదీలు, కొందరు గోల్డెన్ హోర్డ్ అనే మంగోల్ రాజ్యపు అంతఃకలహాల్లో ఓడి ఆశ్రయం కోరినవాళ్లు. 1410లో గ్రున్‌వాల్డ్ దగ్గర ట్యుటానిక్ నైట్లు అనే జర్మన్ క్రైస్తవ యోధుల సంఘంతో జరిగిన యుద్ధంలో తాతార్ గుర్రపు దళాలు పోలండ్, లిథువేనియా వైపు పోరాడాయి. వీళ్లనే లిప్కా తాతార్లు అంటారు. భూమి ఇస్తారు, బదులుగా పిలిచినప్పుడు గుర్రం, ఆయుధం పట్టుకుని రావాలి. ఏర్పాటు అది.

17వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి పోలండ్ ఖజానా ఖాళీ. ఉక్రెయిన్ కోసక్కులతో, స్వీడన్‌తో, రష్యాతో వరుస యుద్ధాలు. తాతార్ దళాలకు జీతాలు అందలేదు. పైగా మతపరమైన ఆంక్షలు పెరిగాయి, మసీదులు కట్టుకోవడానికి అడ్డంకులు వచ్చాయి. 1672లో తుర్కులు దండెత్తి వచ్చినప్పుడు పోలండ్ కొలువులోని కొన్ని తాతార్ దళాలు మొత్తంగా సుల్తాన్ వైపు వెళ్లిపోయాయి. దారులూ కోటలూ తెలిసిన సైనికులు శత్రువు పక్షాన చేరితే ఎంత నష్టమో ఊహించండి. తర్వాత క్షమాభిక్ష ప్రకటించి చాలామందిని వెనక్కి రప్పించారు. జీతాల బకాయిలు మాత్రం అలాగే ఉన్నాయి, చెల్లించడానికి డబ్బు లేదు. రాజు దగ్గర ఉన్నదల్లా రాచ భూములు. యుద్ధాల్లో పాడుపడి, సాగు చేసే దిక్కులేక పడి ఉన్నవి. అవే పంచి ఇచ్చాడు. క్షెచొవ్‌స్కికీ ఆయన కింద ఉన్నవాళ్లకూ క్రుషిన్యానీ చుట్టుపక్కల, ఇంకొందరికి బొహోనికి, ద్రాహ్లె అనే పల్లెల వైపు.

అంటే క్రుషిన్యానీ తాతార్ల ఊరు అయింది జీతం బకాయి కింద.

గోదారి_గట్టు

మాస్టారూ, మీరు ప్రతి కథకీ ఆడిట్ చేస్తారు 🙂 బకాయి లెక్క ఒప్పుకుంటా. కానీ పర్కానీ దగ్గర రాజు నిజంగానే చావు తప్పించుకున్నాడు కదా? అక్టోబరు 7న పోలిష్ సేన చెల్లాచెదురైంది, రాజు పారిపోతుంటే వెంట పదిమంది కూడా మిగల్లేదంటారు. రెండు రోజులకే మళ్లీ వచ్చి గెలిచాడనుకోండి. ఆ గందరగోళంలో ఒక తాతార్ కెప్టెన్ పక్కన ఉండకూడదని ఏముంది? భూమి ముందు వచ్చి ఉండొచ్చు, ప్రాణం తర్వాత కాపాడి ఉండొచ్చు. రెండూ నిజం కావచ్చు.

పాత_పటాలు

కావచ్చు. కాపాడలేదని నేను అనలేదు, భూమి వచ్చింది అందుకు కాదన్నాను. 1688లో రాజు గ్రొద్నోలో పార్లమెంటు సభకు వెళ్తూ క్రుషిన్యానీలో క్షెచొవ్‌స్కి ఇంట ఆగాడని కూడా చెబుతారు. ఇద్దరి మధ్య చనువు ఉండేదన్నమాట.

ఈ కథ ఇంత గట్టిగా ఎందుకు నిలిచిందో ఆలోచించండి. "మీరు జీతం ఎగ్గొట్టారు, మేం తిరగబడ్డాం, మళ్లీ రాజీపడి భూమి ఇచ్చారు" అని మనవలకు ఎవరు చెప్పుకుంటారు? రాజుకీ గౌరవం కాదు, వాళ్లకీ కాదు. ప్రాణదానం కథలో ఇద్దరూ పెద్దమనుషులే. కాథలిక్ దేశంలో మూడు వందల ఏళ్లు మైనారిటీగా బతికినవాళ్లకు "మేం మీ రాజును కాపాడినవాళ్లం" అన్న మాట అవసరం చాలాసార్లు పడి ఉంటుంది. వియన్నా యుద్ధంలో సొబియెస్కి పక్షాన ఉన్న తాతార్లు, సుల్తాన్ పక్షాన ఉన్న తాతార్లతో కలిసిపోకుండా టోపీల్లో గడ్డిపరకలు గుచ్చుకున్నారని ఇంకో కథ ఉంది. అదీ అదే పని చేస్తుంది.

కర్నూలు_నూర్‌బాషా

చాలాకాలంగా ఈ ఫోరమ్ చదవడమే తప్ప రాయలేదు. ఈ విషయం చూసి ఆగలేకపోయాను. నాకు యుద్ధాలకంటే ఒక్క సంగతి కావాలి. వీళ్లు ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? మేం దూదేకులవాళ్లం. మాకు తరతరాలుగా ఇంట్లో తెలుగే, నమాజులో అరబ్బీ. "ముస్లింలై ఉండి ఉర్దూ రాదా" అని మమ్మల్ని అడగనివాళ్లు లేరు. అందుకే అడుగుతున్నా.

పాత_పటాలు

భాయ్, మీరు రాయడం సంతోషం. వీళ్లదీ అదే పరిస్థితి, ఇంకా పాతది. తాతార్ భాషను 16, 17 శతాబ్దాలకే వదిలేశారు. సైన్యంలో మగవాళ్లు, చుట్టూ స్లావిక్ జనం, స్థానిక అమ్మాయిలతో పెళ్లిళ్లు. ఇళ్లలో బెలారుసియన్, పోలిష్ వచ్చి చేరాయి. ఇంటిపేర్లు కూడా పోలిష్ పద్ధతిలో -ఒవిచ్, -స్కి తోకలతో ఉంటాయి. పెట్టే పేర్లలో మాత్రం ముస్లిం పేర్లు నిలిచాయి.

లిపిని మాత్రం వదల్లేదు. బెలారుసియన్, పోలిష్ మాటల్ని అరబ్బీ అక్షరాల్లో రాసుకున్నారు. ప్రవక్తల కథలు, ధర్మబోధలు ఉండే పుస్తకాలు కితాబులు. ప్రార్థనలు, దువాలు ఉండే చిన్న పుస్తకాలు హమాయిళ్లు. ఖురాన్ అరబ్బీ పాఠం రాసి దాని వరసల కింద పోలిష్ అర్థం, అదీ అరబ్బీ లిపిలోనే, రాసిన తఫ్సీర్లు 17వ శతాబ్దం నాటివే ఉన్నాయి. అచ్చు పుస్తకాలు కావు, ఇంటింటా చేత్తో నకలు రాసుకున్నవి. అరబ్బీ అక్షరాల్లో లేని శబ్దాలు స్లావిక్ భాషల్లో ఉంటాయి కనుక కొత్త గుర్తులు కూడా కల్పించుకున్నారు. పాత బెలారుసియన్‌ని జనం ఎలా పలికేవారో తెలుసుకోవడానికి ఇవాళ భాషావేత్తలు ఈ కితాబుల్నే తిరగేస్తున్నారు.

కర్నూలు_నూర్‌బాషా

మాషా అల్లా. ఇది మా నాన్నకి చదివి వినిపిస్తాను.

సైకిల్_సుధ

నేను గ్రీన్ వెలో సైకిల్ రూటులో ఆ ఊరి మీదుగా వెళ్లాను. మసీదు గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి చెప్తున్నా.

దూరం నుంచి చూస్తే మసీదు అనుకోరు. ఆకుపచ్చ రంగు వేసిన చెక్క భవనం, ముందు రెండు చదరపు బురుజులు, వాటి మీద చిన్న గుమ్మటాలు. అచ్చం ఆ ప్రాంతపు పల్లె చర్చిలా ఉంటుంది. పైన సిలువ ఉండాల్సిన చోట నెలవంక. కట్టింది స్థానిక వడ్రంగులు, వాళ్లకు చేతనైన పద్ధతి అదే. ఇక్కడ మసీదు ఉన్నట్టు 1717 నుంచే రాతల్లో ఉందట, ఇప్పుడున్నది 18వ శతాబ్దం చివరిది, 1846లో బాగా మరమ్మతు చేశారు. లోపల పైన్ చెక్క గోడలు, నేలంతా తివాచీలు, గోడల మీద ముహిర్లు, అంటే ఖురాన్ వాక్యాలు రాసిన పటాలు. మగవాళ్ల గది, ఆడవాళ్ల గది వేరు. మధ్య గోడలో సన్నటి కిటికీలాంటి సందు, దానికి తెర. చెప్పులు బయట విప్పాలి. నేను సైకిల్ షార్ట్స్‌తో వెళ్తే చుట్టుకోవడానికి గుడ్డ ఇచ్చారు.

గుట్ట మీది శ్మశానాన్ని మిజార్ అంటారు. వెంకట్ గారూ, మీ నాన్నగారిని అక్కడికి తప్పక తీసుకెళ్లండి. చదవగలిగిన రాళ్లలో పాతది 1699 నాటిది. ప్రతి సమాధికి తల దగ్గర పెద్ద రాయి, కాళ్ల దగ్గర చిన్న రాయి. పైన నెలవంక, అరబ్బీలో కలిమా, దాని కింద పేరు కొన్నిటి మీద పోలిష్‌లో, కొన్నిటి మీద రష్యన్‌లో.

వార్సా_వెంకట్

సుధ గారూ, రష్యన్ ఎందుకు? అది పోలండే కదా?

సైకిల్_సుధ

అది మాస్టారి సబ్జెక్టు 🙂

పాత_పటాలు

పోలండ్‌ను ఇరుగుపొరుగు రాజ్యాలు మూడు విడతల్లో పంచుకుతిన్నాయి. 1795 మూడో పంపకంలో ఈ ప్రాంతం ప్రష్యా అనే జర్మన్ రాజ్యానికి పోయింది. నెపోలియన్, జార్ 1807లో తిల్సిత్ దగ్గర ఒప్పందం చేసుకున్నప్పుడు బ్యావిస్తోక్ చుట్టుపక్కల రష్యా చేతికి వచ్చింది. అక్కడినుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా రష్యానే. తాతార్లు మళ్లీ తమకు తెలిసిన పనికే వెళ్లారు. జార్ సైన్యంలో ఆఫీసర్లయ్యారు, కొందరు పెద్ద హోదాలకు ఎదిగారు. అందుకే రష్యన్ రాళ్లు.

1918 తర్వాత మళ్లీ పోలండ్. 1925లో పోలండ్ ముస్లింల మత సంఘం ఏర్పడి విల్నోలో (ఇప్పటి విల్నియస్) ముఫ్తీని ఎన్నుకున్నారు. 1936లో ప్రభుత్వం చట్టం చేసి ఆ సంఘాన్ని గుర్తించింది. అదే ఏడాది 13వ విల్నో ఉలాన్ (ఈటెల గుర్రపు) దళంలో ప్రత్యేకంగా తాతార్ స్క్వాడ్రన్ ఏర్పడింది. 1939లో జర్మనీ దాడికి ఎదురునిలిచిన గుర్రపు దళాల్లో అదీ ఒకటి. యుద్ధం అయ్యాక సరిహద్దు పడమటికి జరిగింది. విల్నో, నొవొగ్రుదెక్, వాటి మసీదులు, చదువుకున్న కుటుంబాలు అన్నీ సోవియట్ వైపు ఉండిపోయాయి. పోలండ్‌కు మిగిలిన పాత మసీదులు రెండే, క్రుషిన్యానీ, బొహోనికి. ఒకప్పటి తాతార్ ప్రపంచంలో ఇవి మారుమూల పల్లెలు. కేంద్రం పోయాక ఇవే కేంద్రం అయ్యాయి.

బ్యావిస్తోక్_స్టూడెంట్

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. బోర్డుల మీద "తాతార్ పల్లె" అని ఉంటుంది కానీ ఇప్పుడు ఊళ్లో తాతార్ కుటుంబాలు కొన్నే. ఎక్కువమంది ఆర్థడాక్స్ క్రైస్తవులు, ఇళ్లలో బెలారుసియన్ యాస మాట్లాడే పెద్దవాళ్లు. వాళ్లకీ ఊళ్లో చర్చి ఉంది, సెయింట్ ఆన్ పేరు మీద. టూరిస్టులు మసీదు చూసి, తిని, చర్చి ఉందని కూడా తెలియకుండా వెళ్లిపోతారు. నాకు అది నచ్చదు. నాలుగు అడుగులు వేస్తే వస్తుంది, చూసి రండి.

గోదారి_గట్టు

మరి తాతార్లంతా ఎక్కడికి పోయారమ్మా? రాజు ఇచ్చిన భూములు ఏమయ్యాయి?

బ్యావిస్తోక్_స్టూడెంట్

ఎక్కడైనా ఏమవుతుంది బాబాయ్? పంపకాలు, అమ్మకాలు. ఇసుక నేల, పంట అంతంతమాత్రం. చదువుకీ ఉద్యోగాలకీ బ్యావిస్తోక్, సొకుల్కా, యుద్ధం తర్వాత కొంతమంది గ్దాన్స్క్ దాకా వెళ్లారు. గ్దాన్స్క్‌లో మినార్ ఉన్న మసీదు 1990లో వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో తాతార్లమని చెప్పుకున్నవాళ్లు పోలండ్ మొత్తం మీద రెండు వేలకు కాస్త తక్కువ. బైరామ్ (ఈద్) పండగలకీ అంత్యక్రియలకీ మాత్రం ఈ ఊళ్లకి తిరిగి వస్తారు.

తిండి_తిరుపాలు

ఇన్ని పోస్టులయ్యాయి, ఒక్కరైనా తిండి సంగతి ఎత్తారా?

పెరెకచెవ్నిక్ తినకుండా రావద్దు. పిండిని కాగితంలా పల్చగా ఆరు పొరలు చేసి, ఒక్కో పొరకీ వెన్న రాసి, మాంసం కూరి, చాపలా చుట్టి, దాన్ని నత్తగుల్లలా గుండ్రంగా మడిచి బేక్ చేస్తారు. గొర్రె, గొడ్డు, బాతు మాంసంతో చేస్తారు, తీపి కావాలంటే చీజ్, కిస్మిస్‌తో. 2009లో యూరోపియన్ యూనియన్ దీన్ని సంప్రదాయ వంటకంగా రిజిస్టర్ చేసింది. కొల్దూనీ అని మాంసం కూరిన చిన్న కుడుములు, చెబురెకి అని నూనెలో వేయించినవి కూడా ఉంటాయి. పోలండ్‌లో ఎక్కడ చూసినా కనిపించే పంది మాంసం ఈ వంటల్లో ఉండదు. వెంకట్ గారి అమ్మగారు శాకాహారి అయితే బంగాళదుంపల వంటకాలు అడగండి, ఆ ప్రాంతంలో వాటికి కొదవ లేదు. కారం మాత్రం ఆశించొద్దు, ఊరగాయ సీసా బ్యాగులో వేసుకోండి.

ఊళ్లో పేరున్న తాతార్ హోటల్ 2018లో కాలిపోయింది. దేశం నలుమూలల నుంచీ జనం సాయం చేస్తే మళ్లీ నిలబడింది. 2010లో అప్పటి ప్రిన్స్ చార్ల్స్ వచ్చినప్పుడు కూడా ఈ ఊరి వంటే తిన్నాడు.

కర్నూలు_నూర్‌బాషా

అంతా ఇంత ప్రేమగా ఉందంటే కొంచెం అనుమానం. ఇప్పటి యూరప్‌లో ముస్లిం ఊరికి ఏ ఇబ్బందీ లేదా?

సైకిల్_సుధ

ఉంది భాయ్. 2014 జూన్‌లో ఎవరో రాత్రి వచ్చి మసీదు గోడ మీద పంది బొమ్మ గీసి, శ్మశానం రాళ్లు పాడుచేశారు. మసీదులూ మిజార్లూ 2012లోనే జాతీయ స్థాయి చారిత్రక స్మారకాల జాబితాలో చేరాయి, అయినా జరిగింది. ఇరుగుపొరుగు వాళ్ల నుంచి మాత్రం ఇబ్బంది లేదని నాకు గైడ్ చెప్పాడు. పక్కింటి ఆర్థడాక్స్ వాళ్ల పండక్కి వీళ్లు, వీళ్ల బైరామ్‌కి వాళ్లు వెళ్తారట.

పాత_పటాలు

2021 సంగతి కూడా చెప్పుకోవాలి. బెలారుస్ ప్రభుత్వం మధ్యప్రాచ్యం నుంచి మనుషుల్ని రప్పించి పోలండ్ సరిహద్దుకి తోసింది. పోలండ్ వెనక్కి తోసింది. మధ్యలో అడవి, చలి. సెప్టెంబరు 2న ఎమర్జెన్సీ పెట్టి సరిహద్దు వెంట 183 ఊళ్లలోకి బయటివాళ్లు రాకుండా ఆపేశారు. క్రుషిన్యానీ అందులో ఉంది. టూరిజం మీద బతికే ఊరు ఒక్కసారిగా మూతపడింది. ఏవో రూపాల్లో ఆంక్షలు 2022 జూన్ దాకా సాగాయి. ఆలోపు 186 కిలోమీటర్ల పొడుగున, ఐదున్నర మీటర్ల ఎత్తున ఉక్కు గోడ లేచింది.

అడవిలో చనిపోయిన ముస్లిం వలసదారుల్లో కొందరిని బొహోనికి మిజార్‌లో పాతిపెట్టారు. జనాజా నమాజు చదివింది అక్కడి తాతార్లే. అదే బొహోనికి తాతార్లు సరిహద్దు కాస్తున్న పోలిష్ సైనికులకు సూప్ వండి పంపారు. రెండూ ఒకే నెలల్లో. ఈ రెండింటిలో ఒకదాన్నే పట్టుకుని మాట్లాడినవాళ్లని నేను నమ్మను. 1672 నుంచీ వీళ్ల చరిత్ర చదివితే, "మీరు ఎటువైపు" అని ఎవరో ఒకరు వీళ్లను అడుగుతూనే ఉన్నారు.

గోదారి_గట్టు

మాస్టారూ, ఈ ఒక్క పోస్టుకి మీ ఆడిట్లన్నీ మాఫీ.

వార్సా_వెంకట్

అందరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. బైరామ్ రోజున వెళ్తే బాగుంటుందా? నాన్నకి జనాన్ని కలవడం ఇష్టం.

బ్యావిస్తోక్_స్టూడెంట్

వద్దన్నా. ఆ రోజు దూరాల నుంచి వాళ్ల కుటుంబాలే వస్తాయి, మసీదు చిన్నది, వాళ్లకే చాలదు. వేసవిలో మామూలు శనివారం వెళ్లండి. గైడ్ ఖాళీగా ఉంటాడు, పోలిష్‌లో చెప్తాడు, మీ కొలీగ్‌ని వెంట తీసుకెళ్తే అనువదిస్తాడు. తిరిగొచ్చేటప్పుడు ఉత్తరాన పది కిలోమీటర్ల దూరంలో ఉన్న క్రింకి మీదుగా రండి. ఆ టౌను నడిబొడ్డున ఆరు మూలల చౌరస్తా ఉంది, అక్కడినుంచి 12 వీధులు నాలుగు దిక్కులకీ పోతాయి. యుద్ధానికి ముందు ఎక్కువగా యూదులుండే ఊరు, తోళ్ల కార్ఖానాలుండేవి. పాత సినగోగుల్లో ఒకటి ఇప్పుడు శిథిలం, ఇంకోటి సాంస్కృతిక కేంద్రం. సరిహద్దు కంచె దగ్గరికి మాత్రం ఫొటోల కోసం వెళ్లకండి, పాస్‌పోర్టులు అందరివీ దగ్గర ఉంచుకోండి. దారిలో గస్తీవాళ్లు ఆపి అడుగుతారు.

తిండి_తిరుపాలు

పెరెకచెవ్నిక్ శనివారం మధ్యాహ్నానికే అయిపోతుంది. ముందురోజే ఫోన్ చేసి చెప్పి ఉంచండి.

వార్సా_వెంకట్

తిరుపాలు గారూ, ఊరగాయ సీసా కూడా రాసుకున్నాను. క్రింకి మీద విడిగా ఒక థ్రెడ్ పెడతా, మాస్టారు అక్కడికి రావాలి.